బేజారు

నూలు కండె నిండింది. ఊడదీసి తట్టలో వేసి, ఖాళీ కండె ఇంకోటి కదురుకు ఎక్కించి, నూలు చిలప కొస పట్టుకుని మళ్ళీ రాట్నం తిప్పాను. ఇట్లా రోజుకు ఎన్నిసార్లో నాకే తెలియదు. పక్కన గుంతలో మగ్గం ఆడుతూ ఉంటే నా పని సరిపోయినట్టు, ఆగితే చాలనట్టు. మగ్గం మీద కూర్చునేది మా ఆయన సుంకప్ప, అందువల్ల నేతగాడు ఆయన. ఆయన అటూ ఇటూ విసిరే నాడెలో పేకగా పోయే ప్రతి పోగూ ముందు నా వేళ్ళ మధ్య నుంచే పోతుంది. పడుగుకు పెట్టే గంజి నేను కాస్తాను, తెగిన పోగులు నేను అతుకుతాను. అయినా ఎవరైనా వచ్చి "మీ ఇంట్ల ఎంతమంది పని జేస్తారప్పా?" అంటే, "ఎవురుండారు, నేనొగన్నే" అంటాడు. అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలియదు. నాకూ చాలా కాలం తెలియలేదు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన సంవత్సరం అది. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి మగవాళ్ళందరికీ ఆ ఏడాది అందుకే గుర్తు. నాకు మాత్రం తల దువ్వుకోలేకపోయిన ఏడాదిగా గుర్తు. నవ్వకండి. దువ్వెన చేతికి అందేంత దూరంలోనే గూట్లో ఉండేది. దాన్ని ఎత్తడమంటే గనిలో బండ ఎత్తినట్టుండేది. తెల్లవారితే కళ్ళు తెరుచుకునేవి గాని మనిషిని లేవలేకపోయేదాన్ని. ఒళ్ళు నీళ్ళలో నానిన గోనెసంచి. లేచేదాన్ని, లేవక ఎవరు విడుస్తారు. లేచి కసువు ఊడ్చి, నీళ్ళు తోడి, జొన్న రొట్టెలు తట్టి, గంజి కాచి, రాట్నం ముందు కూర్చునేదాన్ని. అన్నీ చేసేదాన్ని. అందుకే ఎవరికీ ఏమీ తెలియలేదు. నా పెద్దకూతురు పార్వతి, ఏడేళ్ళది, ఒకరోజు వచ్చి తన జడ పట్టుకుని చూపించింది. "మా, మూడు దినాలాయ, జడ ఇప్పలేదు నువ్వు" అంది. ఆ పిల్ల తల నిండా చిక్కులు. చూసి ఏడుపు వస్తే బాగుండేది. అదీ రాలేదు.

రొట్టె మాడింది ఒకనాడు. ఆనాడు అడిగాడు మా ఆయన.

"ఏమైతాందే నీకు? తిండికి తక్కువైనాదా, బట్టకు తక్కువైనాదా?"

రెండూ తక్కువ కాలేదు. అదే చెప్పాను.

"మరింకేంది? మొన్న కరువులో గంజి కేంద్రం ముందర సత్తు గిన్నె పట్టుకోని నిలబడినోళ్ళకు లేని దిగులు నీకెందుకు?"

నిజమే కదా అనుకున్నాను. అప్పటిదాకా దిగులొకటే ఉండేది. ఆ రోజు నుంచి, నాకు దిగులు పడే హక్కు లేదన్న దిగులు కూడా చేరింది.

ఆయన చెడ్డవాడు కాదు. ఖర్చుకు వెనకాడలేదు కూడా. మా అత్త పుల్లమ్మ దిష్టి తీసి, సాయిబు దగ్గర తాయెత్తు కట్టించి, సాంబ్రాణి వేసి, ఏదీ పనిచేయక "గాలి గాదురా ఇది, ఒంట్లో ఏదో ఉండాది" అంటే, ఒకరోజు మగ్గం ఆపుకుని నన్ను బస్సులో ఆదోనికి తీసుకుపోయాడు. మగ్గం ఆపడమంటే మా ఇళ్ళలో మాటలు కాదు. పత్తి మిల్లులు దాటి, గాలిలో ఎగిరే దూది పొట్టు దులుపుకుంటూ ఒక డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు నాడి చూసి, కళ్ళు చూసి, కాగితం మీద ఏదో రాశాడు. కాంపౌండరు ఎర్రమందు సీసాలో పోసి, సీసాకు మోతాదు గీతల కాగితం అంటించాడు. ఆయన పేరు ఇశ్రాయేలు, తల నెరిసిన మనిషి. సీసా నా చేతికి ఇవ్వకుండా ఒక క్షణం పట్టుకునే ఉన్నాడు.

"ఇది నిద్రమందు తల్లీ. దిగులుకు మందు గాదు. దానికి మందు మా సీసాల్లోకి ఇంకా రాల్యా. పొద్దున పూట ఎండలో ఒగ గంట నడువు. ఎవురితోనైనా మనసిప్పి మాట్లాడు. వేళకు తిను. రాత్రికి నిద్రపో. అంతే."

"అంతేనా?" అన్నాడు మా ఆయన. ఇంత దూరం వచ్చి అంతేనా అన్నట్టు.

"అంతే అన్నా. దుడ్డు అక్కరలేనిది."

తిరిగి వచ్చే బస్సులో మా ఆయన సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా, "నడవల్లంట. ఇంట్ల నడిచేది సాలదా?" అన్నాడు. ముందు సీటులో ఎవరో నవ్వారు. నాకు కూడా నవ్వే రావాల్సింది. ఆ కాంపౌండరు చెప్పినవి ఏవీ డబ్బుతో కొనేవి కావు. కొనేవే అయితే మా ఆయన కొని ఉండేవాడు. ఒక సీసా కొన్నాడు, ఇంకో నాలుగు కూడా కొనేవాడు. పొద్దున పూట ఒక గంట మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు. అది మా ఇంట్లోనే ఉంది, మగ్గం కింద ఉంది, రాట్నం కింద ఉంది, పొయ్యి కింద ఉంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టాలంటే ఎవరో ఒకరు కాస్త పక్కకు జరగాలి.

ఎర్రమందు వారం తాగాను. మొద్దు నిద్ర. మధ్యాహ్నం కూడా వేళ్ళు మొద్దుబారి ఉండేవి. నూలు పట్టు తెలియక తెగేది, కండెలు వదులుగా చుట్టుకునేవి, నాడెలో ఇరుక్కునేవి. ఎనిమిదో రోజు మా ఆయన సీసా ఎత్తుకుపోయి దొడ్లో పారబోసి వచ్చాడు. "ఈ మందు తాగితే కండెలు ఎవురు చుడతారు?" అన్నాడు. మందు నాకు పడిందా పడలేదా అని చూడలేదు, కండెలకు పడలేదు, అంతే. ఎదురు చెప్పే ఓపిక ఉంటే మందెందుకు.

మా వైపు ఈ జబ్బుకు ఒక మాట ఉంది, బేజారు. కన్నడం నుంచి వచ్చిందో తురకం నుంచి వచ్చిందో గాని, మాటే బరువుగా ఉంటుంది. విసుగు అంటే ఎవరి మీదో విసుగు, దిగులు అంటే దేని గురించో దిగులు. బేజారుకు ఎవరూ అక్కరలేదు, ఏదీ అక్కరలేదు. ఒకరోజు రాట్నం తిప్పుతూ తిప్పుతూ చెయ్యి దానంతట అదే ఆగిపోయింది. పక్కన పోగులు అతుకుతున్న అత్త తలెత్తింది.

"బేజారైతాందత్తా" అన్నాను.

మా అత్తకు ముప్పై ఏళ్ళ మగ్గం మోత చెవుల్లో ఇంకిపోయింది. మనం చెప్పిన మాటలో సగమే లోపలికి పోతుంది, మిగతా సగం ఆమె సొంతంగా కలుపుకుంటుంది.

"బజారికా? ఏమైనాదే బజారికి? ఎనకింటి బజారికేనా?"

మా వెనకింట్లో బజారి అని ఒక ముసలాయన ఉన్నాడు. పాపం, ఆయనకు ఏమీ కాలేదు.

"బజారికి గాదత్తా. బేజారు. నాకు."

"నీకు బజారా? అట్ల సెప్పు మరి. బజార్లో నీకేం పని ఉండాదే?"

గుంతలో మా ఆయన నవ్వాడు. నేను సరిదిద్దలేదు. ఇంకోసారి ఆ మాట గట్టిగా అనాలంటే గుండెలో ఉన్నదంతా గొంతులోకి తేవాలి, అంత దూరం తేలేననిపించింది. సాయంత్రానికి వీధిలో పాకింది. మంచినీళ్ళ బావి దగ్గర ఎదురింటి సరస్వతమ్మ, "ఏం హులిగెమ్మా, బజారు కావల్లంటనే నీకు. గాజులకా, పూలకా?" అంది. మా ఇళ్ళలో కోడళ్ళు బజారుకు పోరు. సరుకులు అత్తో మగవాళ్ళో తెస్తారు. బజారు అన్న మాట ఆడదాని పేరు పక్కన చేరితే అది ఎట్లా తిరుగుతుందో నాకు తెలుసు. నీళ్ళ బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఆ చలికాలంలోనే మా అత్తకు మోకాళ్ళు పట్టేశాయి. గడప దిగలేకపోయింది. మా ఆయన మగ్గం దిగడు. ఇంట్లో చింతపండు లేదు, కిరసనాయిలు లేదు. రెండు రోజులు ఎదురింటి నుంచి అడిగి తెచ్చుకున్నాం. మూడో రోజు అత్తే, "ఎట్లాగూ బజారు బజారని కొట్టుకుంటాంది గదరా, పోనీలే దాన్ని. పోయి బిన్నె, పొద్దెక్కక ముందే రమ్మను" అంది. సంచి నా ఒళ్ళో పడేసింది.

మొదటిరోజు సగం దారిలో తల తిరిగింది. ఎండ అంత తెల్లగా ఉంటుందని మర్చిపోయాను. రాట్నం ఉండే మూలన పగలు కూడా దీపం వెలుగంతే. గోడ పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల ఎర్రగా, వెచ్చగా ఉంది. బాగుందని అనను. బాగుండటం ఎట్లా ఉంటుందో అప్పటికి జ్ఞాపకం లేదు. ఏదో ఒకటి తెలిసింది, అంతే. చాలా రోజుల తర్వాత ఒంటికి ఏదో తెలిసింది. ఆ రాత్రి మందు లేకుండా కొంచెంసేపు నిద్ర పట్టింది.

అప్పుడు నా లోపల ఉన్న గడుసుది ఒకటి లేచింది. ఉప్పు తెచ్చిన రోజు చింతపండు తెచ్చేదాన్ని కాదు. చింతపండు తెచ్చిన రోజు ఎండుమిరపకాయలు మిగిల్చేదాన్ని. "మతి లేకపోతే సరి, మల్లా పోవల్ల గదా రేపు" అని అత్త తిట్టేది. నేను తల వంచుకునేదాన్ని. మల్లా పోవడమే నాకు కావలసింది. దగ్గరి సందులోంచి పోయేదాన్ని కాదు, ఊరి చివర చుట్టు తిరిగి పోయేదాన్ని. పొద్దెక్కేలోగా వచ్చి, పోయిన గంటకు రెట్టింపుగా కండెలు చుట్టేదాన్ని. ఆ గంట వాళ్ళెవరూ ఇచ్చింది కాదు. నా వీపు మీద నుంచి కోసుకున్నది.

బజారు మొదట్లో సారమ్మ ఆకుకూరల గంప పెట్టుకుని కూర్చునేది. నాలుగు మైళ్ళ అవతల పల్లె నుంచి నడిచి వచ్చేది. నేను పుంటికూర ఏరుతుంటే నా ముఖం చూసి, "ఏందమ్మా మొగం అట్లుండాది, సల్లారిపోయిన సంగటి మాదిరి" అంది. ఇంకెవరైనా అంటే కోపం వచ్చేదేమో. ఆమె నోట సంగటి మీద జాలే వినిపించింది.

"బేజారు" అన్నాను. ఈమెకు చెవులు బాగున్నాయి.

"ఓ, బేజారా. అది మా ఇంటికీ వచ్చినాది. మా పిల్లగాడు సచ్చిపోయిన యేడు వచ్చి రెండేండ్లుండె. సుట్టం మాదిరి తిష్ట ఏసుకోని కూచుండె."

"ఎట్ల పోయింది మరి?"

"యాడ పోయింది, ఇప్పుడూ వస్తాది. కాని అది శానా సోమరిదమ్మా. నేను గంపెత్తుకోని బయటపడితే ఎనకమాలే నాలుగు మైళ్ళు నడవలేక ఎనక్కి పోతాది. ఇంట్ల కూచున్న దినమే దానికి పండగ."

నాకు నవ్వు వచ్చింది. ముక్కులోంచి వచ్చినట్టు, చిన్నగా.

"మాట్లాడేది గూడా ఉండల్ల" అంది కట్ట చుడుతూ. "కడుపులో పెట్టుకుంటే పులుస్తాది. సేన్లో పత్తి తీసేటప్పుడు మేము ఆడోళ్ళమంతా ఒగరికొగరం సెప్పుకుంటాం. ఆదివారం గుడిలో పాటలు పాడతామా, మావోళ్ళంతా దేవుని కోసరం పాడతారు. నేను గొంతు తెరుసుకునేదాని కోసరం పాడతా. అయ్యగారికి సెప్పబాకు."

తరువాత తరువాత ఆమె గంప పక్కన నేల మీద కూర్చునేదాన్ని, రెండు కట్టలు కొనేంత సేపు. నా పెళ్ళి నుంచి అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాటలు చెప్పాను. గొప్ప రహస్యాలేం కావు. గర్భంతో ఉండగా తొమ్మిదో నెలదాకా గంజి కుండ దించానని. ఐదో తరగతిలో నాకు లెక్కలు బాగా వచ్చేవని. పొద్దున లేవగానే ఎందుకు లేచానా అనిపిస్తుందని. చివరి మాటకు సారమ్మ చేతిలో కట్ట ఆపి నా వైపు చూసింది. "ఆ మాట అనిపించిన దినం నా కాడికి రా. సంచి ఉన్నా, లేకున్నా" అంది.

రెండు నెలలు. ఆ రెండు నెలల్లో పిల్లల జడలు వేశాను, రొట్టె మాడలేదు, ఒకసారి నాకే తెలియకుండా పాట అందుకున్నాను. బాగైపోయానని కాదు. పొద్దునపూట బండ బరువు అట్లాగే ఉండేది. కానీ ఇంకో గంటలో బయటికి పోతాను కదా అనుకుంటే, దాన్ని ఎత్తేంత చేవ వచ్చేది.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని మా ఆయన అడిగాడు.

"ఆకులమ్మేదాని గంప కాడ కూచోని నవ్వుతాంటివంటనే?"

ఎవరో చూశారు, ఎవరో చెప్పారు. అవునన్నాను.

ఆయన కోప్పడలేదు. అదే నన్ను దెబ్బ తీసింది. ముఖంలో వెలుగు కూడా ఉంది. "నవ్వే అంత బాగైనాది గదా మరి. ఇంకెందుకు బజారు? అమ్మ మోకాళ్ళు గూడా కుదిరినాయి. రేపటినుంచి అమ్మ పోతాదిలే. పెండ్లిండ్ల కాలం వస్తాంది, కండెలు శానా కావల్ల" అన్నాడు. ఇంట్లో జబ్బు తీరిపోయిన మనిషిని చూసి సంతోషించే గొంతు అది. దీపం వెలిగింది కాబట్టి నూనె ఇక అక్కరలేదన్నాడు. ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పాలి? ఎవరి మగ్గం మీద పోగు తెగినా ఇంటి బయట నుంచి కూడా చప్పుడు బట్టి కనిపెట్టే మనిషి ఆయన. నా లోపల ఏ చప్పుడు ఆగిందో, ఏ చప్పుడు మొదలైందో ఆయనకు వినపడదు.

నేను ఊ అన్నాను. అలవాటు.

మొదటి రోజు ఫరవాలేదు. రెండో రోజు దువ్వెన గూట్లోనే ఉండిపోయింది. మూడో రోజు అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి. నాలుగో రోజు మధ్యాహ్నం దొడ్లో నీళ్ళు తోడడానికి పోయాను. చేద బావిలోకి వదిలాను. అది నీళ్ళకు తగిలిన చప్పుడు విన్నాను. తాడు పట్టుకుని నిలబడ్డాను. లోపల నీళ్ళు కదిలి, కదిలి, మెల్లగా ఆగి, నున్నగా అయ్యాయి. చల్లగా ఉంటుంది అనుకున్నాను. అక్కడ రాట్నం లేదు అనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

"మా, బిందె ఆడనే ఉండాది, నీళ్ళు పోస్తలేవేంది?" పార్వతి నా కొంగు పట్టుకుని లాగుతోంది. ఆ పిల్ల జడ మళ్ళీ చిక్కులు పడి ఉంది.

చేద పైకి లాగాను. నీళ్ళు సగం పాదాల మీద ఒలికాయి. ఆ సాయంత్రం పార్వతిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క చిక్కే తీశాను. తీస్తున్నంతసేపూ నాకు భయంగా ఉంది. ఆ భయం మాత్రం నాకు మంచిదే అనిపించింది. బేజారులో భయం కూడా ఉండదు.

మర్నాడు పొద్దున పనులన్నీ అయ్యాక రాట్నం ముందు కూర్చుని పది కండెలు చుట్టాను. పదే. తట్టలో పెట్టి ఆయన చేతికి అందేంత దగ్గరికి జరిపాను. ముఖం కడుక్కున్నాను. దువ్వెన ఎత్తాను. బండే. ఎత్తాను. గడప దగ్గరికి పోయేసరికి అరుగు మీద కాళ్ళు చాపుకుని ఎండ కాగుతున్న అత్త చూసింది.

"యాడికే? ఉప్పు నేను నిన్ననే తెస్తి గదా."

"ఉప్పుకు గాదత్తా."

లోపల మగ్గం ఆగింది. గుంతలోంచి మా ఆయన మెడ చాచాడు. "యాడికి?"

చెప్పడానికి ఎన్ని లేవు. గుడికి అనొచ్చు. సరస్వతమ్మ ఇంటికి అనొచ్చు. పిల్లకు ఒళ్ళు వెచ్చగా ఉంది, వేపాకు కోసుకొస్తా అనొచ్చు. పదమూడేళ్ళుగా గడప దాటిన ప్రతిసారీ ఏదో ఒక పని చేతిలో పట్టుకునే దాటాను. ఆ పూట వెతికితే ఏ అబద్ధమైనా దొరికేదే. కానీ ఎంత అలసిపోయి ఉన్నానంటే, ఒక అబద్ధాన్ని ఎత్తే బలం కూడా లేదు.

"ఊరికే" అన్నాను.

అత్తకు ఈసారి సరిగ్గానే వినపడినట్టుంది. చాపిన కాళ్ళు దగ్గరికి లాక్కుంది. హోటలు ముందర బల్ల మీద మా వీధి మగవాళ్ళు రోజుకు పదిసార్లు అనే మాటే అది. ఊరికే వచ్చినాం, ఊరికే కూచున్నాం, ఊరికే పోతాండాం. ఆ మాట మా ఇంట్లో ఆడదాని నోటి నుంచి రావడం అదే మొదలు. నా చెవికే కొత్తగా ఉంది.

"ఊరికే పోయేదేందే? కండెలు?" అన్నాడు మా ఆయన.

"తట్టలో పది ఉండాయి. అవి అయ్యేలోగా వస్తా. రాలేదనుకో, రాట్నం యాడికీ పోదు. ఆడనే ఉంటాది."

గడప దిగాను. ఎండ తెల్లగా ఉంది. కాళ్ళు బరువుగానే ఉన్నాయి, ఆ బరువు కాళ్ళతోనే నడిచాను. వీధి పొడుగునా ఇంటింటా మగ్గాల మోత. అందులో మా మగ్గం చప్పుడు నాకు విడిగా తెలుస్తుంది. మళ్ళీ మొదలవుతుందేమోనని వీధి మలుపు దాకా చెవి పెట్టి విన్నాను. మొదలు కాలేదు. ఆయన ఇంకా నేనన్న మాట దగ్గరే ఆగి ఉన్నాడు. నేను మలుపు తిరిగాను.